మింగలేక చిక్కిపోతున్న మనిషికి బరువు, కండ నిలబెట్టడం ఎలా?

"రెండు పూటలా జావ పడుతున్నాం, కొబ్బరినీళ్ళు ఇస్తున్నాం, పండ్లరసం ఇస్తున్నాం. అయినా మనిషి నెలనెలా చిక్కిపోతున్నారు, ఎందుకండీ?"

ఆస్పత్రిలో డైటీషియన్‌గా నన్ను అందరికంటే ఎక్కువ అడిగే ప్రశ్న ఇది. పక్షవాతం వచ్చిన నాన్నగారి గురించి, పార్కిన్సన్స్ ఉన్న అత్తగారి గురించి, గొంతుకు రేడియేషన్ తీసుకుంటున్న అన్నయ్య గురించి ఇదే మాట అడుగుతారు. జవాబు వాళ్ళ మాటల్లోనే ఉంటుంది. జావ, కొబ్బరినీళ్ళు, రసం అన్నీ నీళ్ళే. కడుపు నిండుతుంది, ఒంటికి పట్టేది మాత్రం చాలా తక్కువ.

రెండు చెంచాల (20 గ్రాములు) రాగిపిండి, కొంచెం బెల్లం వేసి నీళ్ళతో కాచిన గిన్నెడు జావలో సుమారు 100 కేలరీలు, ఒకటిన్నర గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. అదే పిండిని పావు లీటరు గేదెపాలలో కాచి, చెంచాడు పాలపొడి కలిపితే 400 కేలరీలు, 14 గ్రాముల ప్రోటీన్ వస్తాయి. రెండూ అదే గిన్నెలో పడతాయి, మింగడానికి అంతే గుటకలు పడతాయి. మింగడమే కష్టమైన మనిషికి ప్రతి గుటకా విలువైనది. దాన్ని నీళ్ళ మీద ఖర్చు చేయించకండి. ఈ వ్యాసంలోని మిగతా అంతా ఆ పని ఎలా చేయాలన్నదే.

సిద్ధాంతం ఒక్క ముక్క చాలు. మింగడం కూడా కండరాల పనే. నాలుక, గడ్డం కింది కండరాలు, గొంతు కండరాలు కలిసి చేస్తాయి. తిండి తగ్గి ఒంట్లో కండ కరిగేటప్పుడు ఇవీ కరుగుతాయి. అప్పుడు మింగడం ఇంకా కష్టమై తిండి మరింత తగ్గుతుంది. అందుకే "ముందు మింగడం బాగుపడనీ, తర్వాత బరువు సంగతి చూద్దాం" అంటే కుదరదు.

ముందు ఇవి చూసుకోండి: ఇంట్లో మొదలుపెట్టకూడని సందర్భాలు

పక్షవాతం వచ్చి రెండుమూడు రోజులే అయి, మింగే శక్తిని ఆస్పత్రిలో ఇంకా పరీక్షించకపోతే నోటి ద్వారా ఏదీ ఇవ్వకండి. చెంచాడు తీర్థమైనా సరే. మగతగా ఉన్నవాళ్ళకి, పిలిస్తే సరిగ్గా కళ్ళు తెరవనివాళ్ళకి కూడా ఇదే మాట.

తిన్నాక గొంతు గరగరలాడటం, మాటిమాటికీ జ్వరం, కఫం, ఆయాసం ఉంటే తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్తోందేమోనని అనుమానించాలి. పొలమారి దగ్గితేనే ప్రమాదం అనుకోవద్దు. కొందరికి దగ్గు కూడా రాకుండానే లోపలికి జారిపోతుంది. వీళ్ళకి ముందు స్పీచ్ థెరపిస్టు పరీక్ష, అవసరమైతే వీడియో ఎక్స్‌రే గానీ ముక్కులోంచి కెమెరా గొట్టం వేసి చూసే పరీక్ష గానీ జరగాలి. స్పీచ్ థెరపిస్టు అనగానే మాట రాని పిల్లల కోసమే అనుకుంటారు. మింగే సమస్య చూసేదీ వాళ్ళే. పెద్దాస్పత్రుల్లో న్యూరాలజీ లేదా ఈఎన్‌టీ విభాగంలో అడగండి.

మూడోది చాలామందికి తెలియదు. ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా బలమైన తిండి పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. అవసరమైనదాంట్లో సగానికి మించకుండా మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచాలి. థయమిన్ విటమిన్ కూడా ముందే ఇస్తారు. ఇది డాక్టరు చేతిలో జరగాల్సిన పని.

కిడ్నీ జబ్బు ఉంటే ప్రోటీన్ లెక్క మారుతుంది, డాక్టరును అడగండి. షుగరు ఉంటే మందు మోతాదు తిండికి తగ్గట్టు సర్దమనండి. అంతేకానీ మందుకు తగ్గట్టు మనిషిని పస్తు పెట్టకండి.

కావలసినవి

- బరువు తూచే మిషన్
- దర్జీ టేపు
- సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి (మందుల షాపులో దొరుకుతుంది)
- మిక్సీ, సన్నని టీ జల్లెడ
- లోతు తక్కువ ఉన్న చిన్న చెంచా
- పాలపొడి, నెయ్యి, పెసరపప్పు, గట్టి పెరుగు, గుడ్లు (తినేవాళ్ళకి)
- ఒక నోటుబుక్కు, పెన్ను

నీళ్ళలాంటి పలచటివి గొంతులోకి త్వరగా జారి పొలమారేవాళ్ళకి, వాటిని చిక్కబరిచే పొడి మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి అది మంచినీళ్ళకీ చారుకీ ఉంచుకోండి. తిండి ఎలాగూ దినుసులతోనే చిక్కబడుతుంది.

1. ఇప్పుడు ఎక్కడున్నారో కొలవండి

ఉదయం మలమూత్రాలు అయ్యాక, ఏమీ తినకముందు, ఒకే మిషన్ మీద, దాదాపు ఒకే రకం బట్టలతో తూచండి. వారానికి ఒకసారి చాలు. రోజూ తూస్తే నీటి హెచ్చుతగ్గులే కనిపించి గుండె దడ.

నిలబడలేని మనిషిని ఎలా తూచాలి? కిరాణా కొట్లో బస్తాలు తూచే కాటా ఉంటుంది కదా, దాని మీద కుర్చీ వేసి కూర్చోబెట్టండి. తర్వాత ఖాళీ కుర్చీ బరువు తీసేయండి. కుర్చీ కాళ్ళు నాలుగూ పలక మీదే ఉండాలి. పడిపోకుండా పక్కన ఒకరు నిలబడాలి, కానీ వాళ్ళ చేయి కుర్చీ మీద ఆనకూడదు. ఆనితే కిలో రెండు కిలోలు తేడా వస్తుంది.

ఇప్పుడు లెక్క. పాత బరువులోంచి ఇప్పటి బరువు తీసేసి, వచ్చినదాన్ని పాత బరువుతో భాగించి, 100తో గుణించండి. 58 కిలోల మనిషి 54కి వస్తే తగ్గింది దాదాపు 7 శాతం. ఆరు నెలల్లో 5 శాతం దాటి తగ్గితే అది పోషకాహార లోపం కిందే లెక్క. "వయసు కదా, ఒళ్ళు లాగేసింది" అని సరిపెట్టుకోవద్దు. పాత బరువు గుర్తులేకపోతే ఇంట్లో పాత మందుల చీటీలు వెతకండి, వాటి మీద రాసి ఉంటుంది.

తూకం ఒక్కటే నమ్మకూడదు. కాళ్ళకి నీరు పడితే లోపల కండ కరుగుతున్నా బరువు నిలకడగానే కనిపిస్తుంది. అందుకే పిక్క కూడా కొలవాలి. కూర్చోబెట్టి, పాదం నేలకి ఆనించి, మోకాలు మడిచి, పిక్క అన్నిటికంటే లావుగా ఉన్నచోట టేపు చుట్టండి. బిగించకూడదు, జారకూడదు. ఆసియా దేశాల వైద్య నిపుణులు 2019లో సవరించిన ప్రమాణం ప్రకారం మగవాళ్ళకి 34 సెంటీమీటర్ల లోపు, ఆడవాళ్ళకి 33 లోపు ఉంటే కండ తగ్గిందని అనుమానించాలి. పక్షవాతం వచ్చినవాళ్ళకి బాగున్న కాలే కొలవండి. పాదాలు వాచి ఉంటే పిక్క కొలత పనికిరాదు. అప్పుడు భుజం కొనకీ మోచేతికీ సరిగ్గా మధ్యలో జబ్బ చుట్టుకొలత తీసుకోండి. 23.5 సెంటీమీటర్ల లోపు ఉంటే మనిషి బాగా చిక్కినట్టే.

లేచి నిలబడగలిగినవాళ్ళకి ఇంకో పరీక్ష ఉంది. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే కాళ్ళలో సత్తువ తగ్గినట్టు. తూలేవాళ్ళతో ఇది చేయించకండి.

2. మూడు రోజులు తిన్నది రాయండి

వండింది కాదు, వడ్డించింది కాదు, నిజంగా లోపలికి వెళ్ళింది. గిన్నెడు పెడితే సగం మిగిలిందా, పావు బట్టల మీద పడిందా, ఎంతసేపు పట్టింది, ఎక్కడ పొలమారింది, అన్నీ రాయండి. "బాగానే తింటున్నారండీ" అన్న ఇళ్ళలో కూడా ఈ కాగితం చూస్తే రోజుకి 600, 700 కేలరీలు దాటనివి చాలా కనిపిస్తాయి.

ఎంత కావాలి? కిలో బరువుకి సుమారు 30 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్. అంటే 50 కిలోల మనిషికి రోజుకి 1,500 కేలరీలు, 60 నుంచి 75 గ్రాముల ప్రోటీన్. కేలరీలు తక్కువైతే తిన్న ప్రోటీన్ కూడా ఇంధనంగా ఖర్చయిపోతుంది, కండకి మిగలదు. రెండూ కలిసి ఉండాలి.

3. ఎంత చిక్కగా ఉండాలో తెలుసుకుని, ఆ చిక్కదనం కొలవండి

ఎవరికి ఎంత చిక్కదనమన్నది స్పీచ్ థెరపిస్టు చెప్పాలి. ప్రపంచమంతా ఇప్పుడు 0 నుంచి 7 దాకా స్థాయిలు వాడుతున్నారు. 0 అంటే మంచినీళ్ళు, 4 అంటే నున్నటి గుజ్జు, 7 అంటే మామూలు తిండి. మీకు చెప్పిన స్థాయి నంబరు చీటీ మీద రాయించుకోండి. "మెత్తగా పెట్టండి" అన్న మాటకి ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో అర్థం చెప్పుకుంటారు.

పలచని పదార్థాలు కొలవడానికి సిరంజి వాడాలి. లోపలి దండం తీసేసి, కింద రంధ్రం వేలితో మూసి, 10 గీత దాకా పోయండి. వేలు తీసి, సరిగ్గా 10 సెకన్లకి మళ్ళీ మూయండి. ఎంత మిగిలిందో చూడండి:

- 1 మిల్లీలీటరు కంటే తక్కువ: నీళ్ళలాంటిదే, స్థాయి 0
- 1 నుంచి 4: స్థాయి 1
- 4 నుంచి 8: స్థాయి 2
- 8 కంటే ఎక్కువ, కానీ కొద్దికొద్దిగా కారుతుంటే: స్థాయి 3
- అసలు కారకపోతే: స్థాయి 4

సిరంజి మీద 0 నుంచి 10 దాకా గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. స్కేలుతో ఒకసారి చూసుకోండి, పొట్టివీ పొడుగువీ కూడా అమ్ముతారు.

గుజ్జుకి చెంచా పరీక్ష చాలు. చెంచాలో తీసుకుంటే ఆకారం నిలవాలి, వంచితే ఒకే ముద్దగా జారి పడాలి. చెంచాకి అంటుకుపోతే గొంతులోనూ అంతే అంటుకుపోతుంది. దోసెపిండి గరిటజారుగా ఉందో లేదో చూసిన చేతికి ఇది కొత్తేమీ కాదు.

ఇక్కడ జావతో ఒక తిరకాసు ఉంది. కాచినప్పుడు ఒకలా, చల్లారాక ఇంకా చిక్కగా ఉంటుంది. కాబట్టి పెట్టబోయే వేడిలోనే పరీక్షించాలి. పైగా జావ, గంజి, గుజ్జన్నం చిక్కదనమంతా పిండిపదార్థంది. ఉమ్మి తగిలితే అది కరిగి పలచబడిపోతుంది. నోట్లో పెట్టిన చెంచానే గిన్నెలో మళ్ళీ మళ్ళీ ముంచితే కొద్దిసేపట్లో గిన్నె అడుగున నీళ్ళు తేలతాయి. మొదట్లో బాగా మింగి, చివర్లో పొలమారడానికి ఇదొక కారణం. పెద్ద గిన్నె పక్కన పెట్టుకుని, చిన్న కప్పులోకి కొద్దికొద్దిగా తీసుకుంటూ పెట్టండి. జాంథాన్ గమ్‌తో చేసిన చిక్కబరిచే పొడి వాడితే ఈ బాధ లేదు, ఉమ్మికి అది కరగదు. ఆ పొడి కలిపాక డబ్బా మీద చెప్పినంతసేపు ఆగాలి. ఆగకుండా "ఇంకా పలచగానే ఉంది" అని మరో చెంచా వేస్తే బంకలా అయిపోతుంది.

4. నీళ్ళు తీసేయండి, బలం పెట్టండి

వంట ఇంట్లో అందరితో పాటే చేయండి, కానీ పోపు వేయకముందే ఈ మనిషి వాటా పక్కకి తీయండి. ఆవగింజ, కరివేపాకు, ఎండుమిర్చి తొక్క, సరిగ్గా వేగని శనగపప్పు పలుకు, ఇవే గొంతులో అతుక్కుని అవస్థ పెడతాయి. రుచి కోసం నేతిలో జీలకర్ర, ఇంగువ వేయించి, వడకట్టిన ఆ నెయ్యి కలపండి. రుచి లేని తిండి ఎవరూ తినరు, జబ్బు మనిషి అసలే తినరు.

పలచన చేయాల్సి వచ్చినప్పుడల్లా చేయి నీళ్ళ గ్లాసు వైపు వెళ్తుంది. బదులుగా ఇవి వాడండి:

- జావకి, సేమ్యాకి: పాలు. లీటరు పాలకి పది చెంచాల వెన్న తీసిన పాలపొడి కలిపి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే రోజంతా అవే వాడొచ్చు. ఈ పొడిలో 100 గ్రాములకి సుమారు 35 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది.
- అన్నానికి: మెత్తగా ఉడికిన పెసరపప్పు కట్టు. బియ్యం, పెసరపప్పు సమానంగా వేసి ఉడికించినా మంచిదే.
- ఇడ్లీకి: పుట్నాల చట్నీ, కొబ్బరి పిప్పి లేకుండా, జల్లెడ పట్టి. ఇడ్లీ పొడిగా పెడితే అంగిలికి అంటుకుంటుంది.
- కూరగాయ గుజ్జుకి: గట్టి పెరుగు లేదా మెత్తగా రుబ్బిన పనీర్.
- అన్నిటికీ: నెయ్యి. చిన్న చెంచాడు నెయ్యి 45 కేలరీలు, ముద్ద కూడా జారుతుంది. కొలెస్ట్రాల్ భయంతో నెయ్యి మానేశామంటారు. గుండె డాక్టరు వద్దన్నవాళ్ళకి వేరుశనగ నూనె, నువ్వుల నూనె వేయండి, కేలరీలు ఇంచుమించు అంతే.

గుడ్డు చవకైన ప్రోటీన్, ఒక్కోదానిలో 6 గ్రాములు. పచ్చిగుడ్డు పాలలో కొట్టి తాగించే అలవాటు మన ఇళ్ళలో ఉంది. అది మానండి, బలహీనంగా ఉన్నవాళ్ళకి ఇన్‌ఫెక్షన్ భయం. గిలక్కొట్టిన గుడ్డుని కుతకుత ఉడికే పప్పులో సన్నని ధారగా పోసి, బాగా ఉడికాక మిక్సీ పట్టండి. ఉడికించిన గుడ్డు పచ్చసొన ఒట్టిగా పెడితే నోరంతా పిండిపిండిగా పరుచుకుంటుంది. చేప తినేవాళ్ళకి కొరమీను మంచిది, ముళ్ళు తక్కువ. ఆవిరి మీద ఉడికించి, వేళ్ళతో నలిపి ముళ్ళు వెతికి, ఆ తర్వాతే మిక్సీలో వేయండి. మిక్సీలో ముల్లు మాయం కాదు, సూదుల్లా చిన్న ముక్కలవుతుంది.

50 కిలోల మనిషికి, గుజ్జు స్థాయిలో ఒక రోజు ఇలా ఉండొచ్చు:

ఉదయం 7కి పైన చెప్పిన పాలజావ. 9:30కి రెండు ఇడ్లీలు, పుట్నాల చట్నీ, చెంచాడు నెయ్యితో గుజ్జు చేసి. 12:30కి 40 గ్రాముల బియ్యం, 40 గ్రాముల పెసరపప్పు, ఒక గుడ్డు, గుమ్మడి ముక్క, రెండు చెంచాల నెయ్యి కలిపి నున్నగా. 4కి గుడ్డలో కట్టి నీరు తీసిన పెరుగు, బాగా మగ్గిన అరటిపండు, చెంచాడు పాలపొడి కలిపి రుబ్బి. రాత్రి 7:30కి 30 గ్రాముల బియ్యం, 25 గ్రాముల పప్పు, 40 గ్రాముల పనీర్, చెంచాడు నెయ్యి. 9కి ముప్పావు గ్లాసు పాలు, చెప్పిన చిక్కదనంలో.

అంతా కలిపి సుమారు 1,700 కేలరీలు, 70 గ్రాముల ప్రోటీన్. పదో వంతు మిగిలిపోయినా లెక్క సరిపోతుంది. మధ్యాహ్నం, రాత్రి పెద్దగా పెట్టడం కంటే ఆరు చిన్న పూటలు మేలు. తినే పని అరగంట దాటితే మనిషి అలసిపోతారు, అలసిన గొంతే పొలమారేది.

హెల్త్ డ్రింకుల డబ్బాల గురించి ఒక్క మాట. డబ్బా వెనక 100 గ్రాములకి ప్రోటీన్ ఎంతో చదవండి. 20 లోపు ఉంటే మీ పాలపొడే నయం, చాలావాటిలో చక్కెరే ఎక్కువ. ఆస్పత్రుల్లో రాసే పోషకాహార పొడులు వేరు, అవి అవసరమైనప్పుడు పనికొస్తాయి.

5. పెట్టే పద్ధతి

నిటారుగా కూర్చోబెట్టండి, మంచం మీదైతే వెనక దిళ్ళు పెట్టి. తల వెనక్కి వాలకూడదు. గడ్డం కొద్దిగా కిందికి దించడం కొందరికి మేలు చేస్తుంది, అందరికీ కాదు, థెరపిస్టును అడిగి చేయండి. మీరు నిలబడి పెడితే వాళ్ళు తల పైకెత్తి చూస్తారు. అందుకే ఎదురుగా, వాళ్ళ కళ్ళ ఎత్తులో కూర్చోండి.

సగం చెంచా పెట్టండి. పక్షవాతమైతే బాగున్న వైపు. కంఠమణి పైకి లేచి దిగిందా అని చూసి, ఆ తర్వాతే రెండో చెంచా. టీవీ ఆపేయండి. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడించకండి. ఉగ్గుగిన్నెతో పోయడం, సిరంజితో బుగ్గలోకి కొట్టడం రెండూ ప్రమాదమే, మింగడానికి సిద్ధంగా లేని గొంతులోకి పోసినట్టవుతుంది.

నాలుగైదు చెంచాలకోసారి "ఆ" అనమనండి. గొంతు నీళ్ళలో మాట్లాడినట్టు గరగరలాడితే ఆపి, దగ్గించి, మళ్ళీ గుటక వేయమనండి. అయినా పోకపోతే ఆ పూటకి చాలు. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. బుగ్గల్లో మిగిలిందేమో వేలికి గుడ్డ చుట్టి చూడండి. పళ్ళు, నాలుక రోజుకి రెండుసార్లయినా తోమాలి, పళ్ళు లేనివాళ్ళకి కూడా. నోట్లో క్రిములే ఉమ్మితో జారి న్యుమోనియా తెస్తాయి.

ఊపిరాడక మాట రాకుండా ఉక్కిరిబిక్కిరైతే ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతితో గట్టిగా ఐదుసార్లు చరచండి. పోకపోతే వెనకనుంచి బొడ్డుకి పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఆ సమయంలో నీళ్ళు తాగించకండి.

6. మాత్రలు, నీళ్ళు

అన్ని మాత్రలూ పొడి చేయకూడదు. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఎల్, ఈఆర్, సీఆర్ అని ఉన్నవి మెల్లగా కరిగేలా చేసినవి. నూరితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. ద్రవరూపంలో ఉందా అని డాక్టరును అడగండి. పార్కిన్సన్స్‌కి లెవోడోపా వాడేవాళ్ళు మాత్ర తిండికి అరగంట ముందు వేసుకుంటే మంచిది. మందు పనిచేస్తున్న సమయంలో మింగడం తేలిక, పైగా ప్రోటీన్ ఆ మందును సరిగ్గా ఒంటబట్టనివ్వదు.

చిక్కబరిచిన నీళ్ళు ఎవరికీ ఇష్టం ఉండదు. తాగడం తగ్గి ఒంట్లో నీరు తగ్గిపోతుంది. మూత్రం ముదురు పసుపులో ఉంటే నీరు చాలట్లేదు. చల్లటి మజ్జిగ, పుచ్చకాయ రసం, చారు వడకట్టి చిక్కబరిస్తే మంచినీళ్ళకంటే ఇష్టంగా తాగుతారు.

7. కండకి పని పెట్టండి

తిండి ఒక్కటే పెడితే కొవ్వు పెరుగుతుంది, కండ పెరగదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్ని 10 రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అధ్యయనంలో ఒక్క కాళ్ళలోనే కిలో దాకా కండ పోయింది. జబ్బు మనిషి సంగతి చెప్పేదేముంది.

నిలబడగలిగితే: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మొదట ఐదుసార్లు, రోజుకి మూడు విడతలు. గోడ పట్టుకుని మడమలు ఎత్తడం. నిలబడలేకపోతే: కూర్చునే మోకాలు చాచి పదిదాకా లెక్కపెట్టడం, అర లీటరు నీళ్ళ సీసా పట్టుకుని మోచేయి మడవడం. మంచం మీద ఉంటే: మోకాళ్ళు మడిచి నడుం ఎత్తడం. గుండె జబ్బు, ఈమధ్య ఆపరేషన్ ఉంటే ఫిజియోథెరపిస్టుకి చూపించి మొదలుపెట్టండి. తిండికి ముందు చేయించి అలిసిపోయేలా చేయకండి, మధ్యలో గంట ఎడం ఉండాలి.

నాలుకకీ గొంతుకీ వేరే వ్యాయామాలున్నాయి: నాలుకతో చెంచాని పైకి నెట్టడం, గట్టిగా గుటక వేయడం, గడ్డం కింద బంతి పెట్టి నొక్కడం. ఏది ఎవరికన్నది జబ్బును బట్టి ఉంటుంది, వీడియో చూసి చేయించేవి కావు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

చారన్నం, మజ్జిగన్నం, పాలల్లో బిస్కెట్. మెత్తనివే కదా అని పెడతారు. నీరు ముందుగా గొంతులోకి జారిపోతుంది, మెతుకు నోట్లోనే ఉండిపోతుంది. మింగే ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఈ రెండు రకాలూ కలిసిన తిండే అన్నిటికంటే కష్టం. మజ్జిగన్నం కావాలంటే పెరుగు వేసి మిక్సీలో ఒకటే ముద్దలా చేయండి.

సగ్గుబియ్యం జావలో ప్రోటీన్ దాదాపు శూన్యం, గింజలు జారుడు. జ్వరానికి ఒకపూట సరే, రోజూ తిండి కింద లెక్కేయకండి.

"లంకణం పరమౌషధం" అన్న మాట పట్టుకుని ఏకాదశికీ శనివారానికీ ఉపవాసం ఉంచడం. మొక్కు ఉంటే ఇంట్లో ఇంకొకరు ఉండండి.

రేడియేషన్ తీసుకునేవాళ్ళు నోరు పూసి, ఉమ్మి ఎండిపోయి తిండి మానేసేదాకా ఆగడం. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్ళకి అంగిలి క్యాన్సర్ వస్తుందని తెలిసిందే. గుట్కాతో బుగ్గ క్యాన్సర్ అంతటా ఉంది. వీళ్ళు చికిత్స మొదలవకముందే బరువు రాసుకుని, డైటీషియన్‌ని కలవాలి. నొప్పి మందు తిండికి అరగంట ముందు వేయమని డాక్టరును అడగండి. కారం, పులుపు తీసేసి, అన్నీ చల్లగా పెట్టండి.

8. పనిచేస్తోందా అని చూసుకోండి

రెండు వారాలు ఇలా చేశాక బరువు తగ్గడం ఆగితే అదే మంచి ఫలితం, పెరగడం తర్వాత మొదలవుతుంది. నెలకి కిలో పెరిగితే చాలా బాగున్నట్టు. వారంలోనే రెండు కిలోలు పెరిగితే సంతోషపడకండి, పాదాల మీద వేలితో నొక్కి చూడండి. గుంట పడితే అది నీరు. పిక్క కొలత నెలకోసారి చాలు, కండ అంత త్వరగా మారదు.

రెండు వారాల తర్వాతా తగ్గుతూనే ఉంటే, లేదా లెక్క ప్రకారం సగం కూడా లోపలికి వెళ్ళకపోతే, తిండి పంపే గొట్టం గురించి డాక్టరుతో మాట్లాడాల్సిన సమయం. ముక్కు గొట్టం అనగానే "ఇక అయిపోయింది" అని ఏడుస్తారు. పక్షవాతం, రేడియేషన్ లాంటివాటిలో అది చాలామందికి తాత్కాలికమే. ఒంట్లో బలం నిలిపి, మింగడం తిరిగి నేర్చుకునే వ్యవధి ఇస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలు దాటి అవసరమయ్యేలా ఉంటే పొట్టకి పెట్టే గొట్టం సౌకర్యం. బాగా ముదిరిన మతిమరుపు జబ్బులో మాత్రం గొట్టం వల్ల ఆయుష్షు పెరుగుతుందని తేలలేదు. అక్కడ ఇష్టమైనది, తినగలిగినంత, చేత్తో పెట్టడమే నిపుణులు చెప్పేది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మూడు రోజుల నోటుబుక్కు, బరువు, పిక్క కొలతల కాగితం, మాత్రల అట్టలు తీసుకెళ్ళండి. స్పీచ్ థెరపిస్టు దగ్గరికైతే ఇంట్లో పెట్టే గుజ్జు ఒక డబ్బాలో, మీరు వాడే చెంచా కూడా పట్టుకెళ్ళి, వాళ్ళ ఎదుటే నాలుగు చెంచాలు పెట్టి చూపించండి.